మట్టి గాజులు ఎవరి శిల్పం?

తెలుగులో గాజు అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. కిటికీకి బిగించేదీ గాజే, ఆడదాని చేతికి తొడిగేదీ గాజే. బంగారంతో చేసినదాన్ని కూడా గాజనే అంటాం కాబట్టి, నిజంగా గాజుతో చేసినదాన్ని మట్టి గాజు అని విడిగా చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక పదార్థానికీ, ఆడదాని ఆనవాలుకీ ఒకే పేరు పెట్టుకున్న భాష మనది. అందుకే గాజుతో మనిషి అస్తిత్వాన్ని చెప్పే శిల్పాల గురించి చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చినవి మ్యూజియంలు కావు. కాలవ రేవు మెట్ల మీద పగిలిపడ్డ గాజుముక్కలు.

మా నాన్న పోయిన పదో రోజున తెల్లవారకముందే అమ్మని రేవుకి తీసుకువెళ్ళారు. అంతకుముందు ఇంట్లో ఆమె రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు తొడిగారు. మొహం నిండా పసుపు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, తల నిండా పూలు పెట్టారు. నలభై ఏళ్ళ కాపురంలో అన్ని గాజులు ఆమె ఎన్నడూ వేసుకుని ఎరగదు. కొబ్బరి పీచు పని చేసే చేతికి నాలుగు గాజులే ఎక్కువ. రేవులో రెండు చేతులూ దగ్గరికి చేర్చి కొట్టారు. కొట్టింది మగవాళ్ళు కాదు, పాతికేళ్ళ కిందట అదే రేవులో అదే పని చేయించుకున్న మా మేనత్త. మణికట్టు మీద గాటు పడింది. ఆ రోజు భోజనాలకి వచ్చిన ఒక్కరూ ఆ గాటు సంగతి అడగలేదు. అమ్మ కూడా దాని గురించి మాట్లాడలేదు. నెల తర్వాత ఒక్క మాట అంది. "చెయ్యి మరీ తేలిగ్గా అయిపోయిందే. నా చెయ్యిలాగా లేదు."

అస్తిత్వం గురించి మనం సభల్లో, పత్రికల్లో చాలా మాట్లాడుకుంటాం. తన చెయ్యి తనదిలా లేదని ఒక అరవై ఏళ్ళ మనిషి అనడం కంటే ఆ మాటకి వేరే అర్థం ఏముంటుందో నాకు తెలియదు.

గాజు శిల్పం నిజానికి చాలా కొత్త కళ. గాజు పని వేల ఏళ్ళుగా వుంది గాని, అది కార్ఖానా పని. కళాకారులు తమ సొంత కొలిమి పెట్టుకుని గాజుతో పని చెయ్యడం అమెరికాలో 1962లో ఊపందుకుంది. ఆ ఏడాది టొలీడో మ్యూజియం ఆవరణలో హార్వీ లిటిల్‌టన్ అనే ఆయన చిన్న కొలిమి పెట్టి శిక్షణ ఇచ్చాడు. అదే కాలంలో చెకొస్లోవేకియాలో స్తనిస్లావ్ లిబెన్‌స్కీ, యరోస్లావా బ్రిహ్తోవా అనే భార్యాభర్తలు గాజుని పోతపోసి పెద్ద పెద్ద శిల్పాలు చేశారు. ఆయన బొమ్మ గీస్తే ఆమె దాన్ని మట్టిలో శిల్పంగా మలిచేది. ఆ శిల్పాల మీద ఇద్దరి పేర్లూ వుంటాయి. మన దేశంలో హేమీ బావా అనే ఢిల్లీ శిల్పి పోత గాజుతో పని చేసి పేరు తెచ్చుకున్నారు, 2009లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. బెంగాల్ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ శిశిర్ సహానా ఏళ్ళ తరబడి గాజు శిల్పాలు చేస్తున్నారు.

వీళ్ళందరిలో మనం ప్రత్యేకంగా ఆలోచించాల్సినది కేరెన్ లమాంట్ అనే అమెరికన్ శిల్పి పని. ఆమె 1999లో ప్రాగ్ నగరానికి వెళ్ళి అక్కడి గాజు పోత పని నేర్చుకుని, నిలువెత్తు ఆడవాళ్ళ దుస్తుల్ని గాజుతో చేసింది. గౌను కుచ్చిళ్ళు, ముడతలు, కుట్లు అన్నీ కనిపిస్తాయి. కాని లోపల మనిషి వుండదు. తల లేదు, చేతులు లేవు. దగ్గరికి వెళ్ళి గాజులోంచి చూస్తే లోపలి వైపు ఒక స్త్రీ శరీరం ముద్ర వుంటుంది. రొమ్ములు, పొట్ట, నడుము మడత తెలుస్తాయి. నిజమైన మనిషి ఒంటి మీద అచ్చు తీసి, ఆ అచ్చు లోపలా, బట్ట అచ్చు బయటా పెట్టి, మధ్యలో కరిగిన గాజు నింపి చేస్తుంది ఆమె. గాజు ఒక్కసారిగా చల్లబడితే పగిలిపోతుంది కాబట్టి కొలిమిలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మెల్లగా చల్లార్చాలి. తర్వాత ఆమె జపాను వెళ్ళి కిమోనోల మీద కూడా ఇలాంటి పనే చేసింది.

నేను ఆ శిల్పాల్ని ఫొటోల్లోనే చూశాను. కాని అవి చెప్పేది అర్థం చేసుకోవడానికి ప్రాగ్ దాకా వెళ్ళక్కర్లేదు. లోకానికి కనిపించేది బట్ట. ఆ బట్టని బట్టి ఈమె ఫలానా అని లోకం నిర్ణయిస్తుంది. లోపల ఒకరు వుండి వెళ్ళారనడానికి ఒక ముద్ర మాత్రం మిగులుతుంది. లమాంట్ దీన్ని మ్యూజియంలో నిలబెట్టింది. మనం దీన్ని బారసాల నుంచి పదో రోజు దాకా ఆడవాళ్ళ చేతుల మీద నడుపుతున్నాం.

గాజుల లెక్క ఒకసారి చూడండి. పుట్టిన పిల్లకి దిష్టి తగలకుండా నల్ల గాజులు వేస్తారు. మగపిల్లాడికీ వేస్తారు గాని నడక వచ్చేసరికి తీసేస్తారు. ఆడపిల్లకి తియ్యరు. పెద్దమనిషి అయితే గాజులు. పెళ్ళికూతుర్ని చేస్తే గాజులు. సీమంతానికి వచ్చిన ముత్తైదువలంతా తొడిగే గాజులు. వాటి రంగు, సంఖ్య, అవి చేతికి వుండటం, లేకపోవడం చూసి ఈమె కన్యా, పెళ్ళయినదా, కడుపుతో వుందా, మొగుడు పోయిందా అన్నది ఎవరైనా చెప్పెయ్యగలరు. తాళి తెగిందనకుండా పెరిగిందంటాం, దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం. మాటకే అంత భయపడే మనం పదో రోజున మాత్రం గాజుల్ని అందరి ముందూ చప్పుడయ్యేలా పగలగొడతాం. ఇంతకంటే నిక్కచ్చిగా మనిషిని మలిచే శిల్పం ఎక్కడుంది? ఉలి మాత్రం ఆమె చేతిలో లేదు.

ఆ గాజుల్ని తయారు చేసేదెవరన్నది కూడా చూద్దాం. అంతర్వేది తీర్థంలో వరసగా పెట్టే గాజుల కొట్లలోని సరుకు చాలా మటుకు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు నుంచి వస్తుంది. అక్కడ కొలిమిలో కరిగిన గాజుని సన్నని తీగలా లాగి, తిరిగే కడ్డీ మీద స్ప్రింగులా చుట్టి, నిలువునా కోస్తారు. అప్పటికి అది మూసుకోని వలయం. ఆ రెండు కొసల్నీ మంట మీద అతికించడం, వంకర తియ్యడం ఇళ్ళలో జరిగే పని. అది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ చేస్తారు. పొగలో, వేడిలో, గంటల తరబడి కూర్చుని, లెక్కన వచ్చే చిల్లర డబ్బులకి చేస్తారు. ఆ అతుకు లేకపోతే గాజు గాజే కాదు. కాని ఆ అతుకు పెట్టిన మనిషి ఏ హాజరు పట్టీలోనూ వుండదు. బ్రిహ్తోవా పేరు శిల్పం మీద వుంది. ఈమె పేరు ఎక్కడా లేదు.

ఇది మనకి కొత్త సంగతి కాదు. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా లేసులు అల్లే ఆడవాళ్ళ గురించి మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు అందించే వేలాది ఆడవాళ్ళని గృహిణులని, ఏదో తీరిక వేళ అల్లుకుంటున్నారని చెప్పడం ద్వారానే వాళ్ళ కూలిని అంత తక్కువలో వుంచగలిగారని ఆమె చూపించింది. గృహిణి అన్నది కూడా ఒక అచ్చే. ఆ అచ్చులో పోస్తే పని కనిపించదు, మనిషే కనిపిస్తుంది. వితంతువు అన్న అచ్చులో పోస్తే మనిషి కూడా కనిపించదు.

కోనసీమలో గాజుతో చేసే శిల్పం ఇంకొకటి వుంది. కొత్తపేటలో శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేసే విగ్రహాలు రాష్ట్రమంతటా కూడళ్ళలో నిలబడి వున్నాయి. కంచు విగ్రహాలతో పాటు ఫైబర్‌గ్లాస్‌వి కూడా చేస్తారు. మట్టితో నమూనా చేసి, దాని మీద అచ్చు తీసి, అచ్చులో గాజు పీచునీ జిగురునీ పొరలు పొరలుగా పరిస్తే ఆ విగ్రహం తయారవుతుంది. బరువు వుండదు, ఖర్చు తక్కువ, పైన కంచు రంగు వేస్తే తేడా తెలియదు. 2020లో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తల్లిదండ్రుల విగ్రహాలతో పాటు తన విగ్రహం కూడా కొత్తపేటలోనే చేయిస్తున్నారని, అది చేతికి అందకముందే ఆయన చనిపోయారని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి అందరూ బాధపడ్డారు. నాకు బాధతో పాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. తాను పోయాక తన రూపం ఎలా వుండాలో బతికుండగా తానే చెప్పుకోవడం ఎంత గొప్ప హక్కు! మన ఊళ్ళలో ఆడవాళ్ళకి, బతికుండగా తమ చెయ్యి ఎలా వుండాలో చెప్పుకునే హక్కు కూడా లేదు.

విగ్రహం అంటే మోజు మాత్రమే కాదని కోనసీమ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పేటల్లో కూలి డబ్బులు పోగేసి నిలబెట్టుకున్న అంబేద్కర్ విగ్రహం, మేమూ మనుషులమే అని ఒక సమూహం చెప్పుకున్న మాట. అందుకే ఆ విగ్రహాల మీద చేతులు పడినప్పుడల్లా ఊళ్ళు అట్టుడుకుతాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి అంబేద్కర్ పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించాక, మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. ఆ పేరు తర్వాత ఖాయమయింది. ఒక పేరు, ఒక రూపం మనుషుల అస్తిత్వానికి ఎంత ముఖ్యమో అన్ని పక్షాల వాళ్ళకీ ఆ రోజు తెలుసు.

ఆ నిప్పు పెట్టినవాళ్ళ ఇళ్ళలో కూడా తల్లులుంటారు, మేనత్తలుంటారు. భర్త పోయిన హిందూ స్త్రీకి కొడుకులతో సమానంగా ఆస్తి రావడానికి దారి వేసింది హిందూ కోడ్ బిల్లు. ఆ బిల్లుని ముందుకు పోనివ్వనందుకు 1951లో మంత్రి పదవి వదులుకున్నవాడు అంబేద్కర్. ఆ బిల్లు ముక్కలు ముక్కలుగా చట్టమై, 1956 వారసత్వ చట్టంలో ఆ హక్కు వచ్చింది. ఆ మహానుభావుడి పేరు జిల్లాకి వద్దన్న ఇళ్ళలోని ఆడవాళ్ళు కూడా ఆయన తెచ్చిన హక్కు మీదే బతకాల్సినవాళ్ళు. ఈ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే మనమూ సరిగా చెప్పలేదు.

మరి ఆడవాళ్ళ విగ్రహాల మాటేమిటి? దేవతలు, తెలుగుతల్లి, భారతమాత వున్నారు. నిజంగా బతికిన ఆడమనిషి కోనసీమలో అందరికీ గుర్తున్నది ఒక్కతే, లంకల గన్నవరం డొక్కా సీతమ్మ. 1841 నుంచి 1909 దాకా బతికి, గోదావరి పాయలు దాటి ఆకలితో వచ్చినవాళ్ళకి వేళా పాళా చూడకుండా అన్నం పెట్టిన మనిషి. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకి ఆమె పేరు పెట్టారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. మంచిదే. కాని ఆమె పేరున్న ఆ వంట వండే ఆడవాళ్ళ గౌరవ వేతనం నెలకి వెయ్యి రూపాయల నుంచి 3000కి పెరగడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ 3000 కూడా ఏ కుటుంబాన్నీ నిలబెట్టేది కాదు. అన్నపూర్ణ అన్న అచ్చులో పోసిన స్త్రీకి దండలు పడతాయి, కూలి పడదు.

గాజులు పగలగొట్టడం చిన్న విషయమనీ, భూమి, కూలి, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు, ఇళ్ళలో హింస వుండగా దీని గురించి కూర్చుని మాట్లాడటం ఎందుకనీ మనలోనే కొందరు అంటారు. ఈ వాదనకి జవాబు ఆ పదో రోజు దగ్గరే వుంది. ఆ రోజు ఇంటికి వచ్చేది చుట్టాలే కాదు, బాకీలవాళ్ళు, బావగార్లు, మరుదులు, ఊరి పెద్దలు కూడా వస్తారు. పది సెంట్ల ఇల్లు, అరెకరం కొబ్బరితోట ఎవరి పేరున వుండాలో మాట్లాడుకునేది ఆ వరండాలోనే. చట్టం ప్రకారం ఆమె మొదటి వరస వారసురాలు. కాని పొద్దున్నే రేవులో అందరూ చూస్తుండగా ఈమెకిక ఎవరూ లేరు అని చాటింపు వేసి తీసుకొచ్చిన మనిషి, తడిసిన చీరతో లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి, బయటికి వచ్చి నా వాటా అని అడుగుతుందా? గాజులు పగలగొట్టడం ఆచారమే కావచ్చు, కాని అది ఆస్తి తగాదాలో మొదటి దెబ్బ కూడా. చాలా కుటుంబాల్లో ఈ రెండూ ఒకే రోజు జరగడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఇంకో సంగతి చూడండి. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకి వెళ్ళిన జాలర్లు ఎంతోమంది తిరిగి రాలేదు. భైరవపాలెం లాంటి మత్స్యకారుల ఊళ్ళలో శవం కూడా దొరకని ఇళ్ళు ఎన్నో మిగిలాయి. ఆచూకీ లేని మనిషి చనిపోయినట్టు భావించాలంటే మామూలుగా చట్టం ఏడేళ్ళు ఆగమంటుంది. అప్పటి సాక్ష్య చట్టం 108వ సెక్షను అదే చెప్పింది, 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది. మరి ఆ ఏడేళ్ళూ ఆ ఇంటి ఆడమనిషి ఎవరు? గాజులుంచుకుంటే మొగుడు పోయినా సిగ్గులేదంటారు. తీసేస్తే తిరిగి వస్తాడేమోనన్న ఆశని తన చేతులతో తానే చంపుకున్నట్టవుతుంది. సముద్రం నుంచి ఒక పడవ రాకపోతే ఇక్కడ ఒక మనిషికి తానెవరో చెప్పుకోవడానికి మాట లేకుండా పోతోంది. ఇదీ చిన్న విషయమేనా?

ఆచారం జరిపించేది ఆడవాళ్ళే కదా, మగవాళ్ళని ఎందుకనడం అనేది ఇంకో వాదన. నిజమే, అమ్మ గాజులు కొట్టింది మేనత్తే. కాని ఆ తర్వాత మేనత్త రెండు రోజులు అన్నం తినలేదు. ఈ పనికి మళ్ళీ ఇంకో వితంతువునే ఎందుకు పిలుస్తారు? ముత్తైదువ చేస్తే ఆమెకి దోషమట. పాతికేళ్ళ కిందట పగిలిన చెయ్యే ఇంకో చేతిని పగలగొట్టాలి. ఇలా నడిచే ఏర్పాటులో చేసినవాళ్ళని మాత్రమే తప్పు పట్టి వూరుకుంటే అసలు ఏర్పాటు అలాగే వుంటుంది.

మూడో వాదన మన ఉద్యమం లోపలిదే. గాజులే సంకెళ్ళు కదా, ఉంచుకునే హక్కు కోసం పోరాడటం ఏమిటి, అందరం తీసేద్దాం అనే మిత్రులున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పెళ్ళయిన రోజు నుంచి ఖాళీ చేతులతో తిరిగే ధైర్యం చేసినవాళ్ళంటే గౌరవం కూడా వుంది. కాని పీచు కొట్టే ఆమెని, రొయ్యల చెరువు మీద పనిచేసే ఆమెని ముందు గాజులు తీసెయ్యి, అప్పుడు నీ హక్కు మాట్లాడదాం అనడం కూడా ఇంకో అచ్చు తెచ్చి ఆమె ముందు పెట్టడమే. మనం అడగాల్సింది గాజులా, ఖాళీ చెయ్యా అని కాదు. నిర్ణయం ఎవరిది అని అడగాలి. నచ్చితే వేసుకుంటుంది, విసుగొస్తే తీసేస్తుంది. మొగుడు వుండటానికీ పోవడానికీ దానితో సంబంధం వుండకూడదు. మా మేనత్త మాకు చెప్పిన సంగతి ఒకటుంది. మొగుడు చచ్చినందుకు కాదు, ఆ రోజు తనకి ఇష్టమైన ఆకుపచ్చ గాజులు పోయినందుకే ముందు ఏడ్చిందట. ఆ ఏడుపులో ఆమె తానుగా మిగిలివుంది.

ఇక మన సొంత తప్పులు కూడా ఒప్పుకుందాం. పని చెయ్యని అధికారికి చీర, గాజులు, పసుపు కుంకుమ తీసుకెళ్ళి ఇచ్చే నిరసన ఎన్నిసార్లు చెయ్యలేదు మనం? మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదని మగ నాయకుడు అరిస్తే మన రక్తం మరుగుతుంది. మనం చేసిన ఆ నిరసన చెప్పేది కూడా అదే మాట. గాజులంటే చేతకానితనమని మనమే సంతకం పెడుతున్నాం. అలాగే పొదుపు సంఘాల వార్షికోత్సవాల్లో జ్యోతి వెలిగించడానికి, బొట్టు పెట్టి ఆహ్వానించడానికి ముత్తైదువల్నే ముందుకి పిలుస్తాం. సంఘం లెక్కలన్నీ తప్పు లేకుండా రాసే లీడరు, భర్త లేనిదైతే, వెనక వరసలో నిలబడుతుంది. ఎవరూ నిలబడమని చెప్పరు. చెప్పక్కర్లేకుండానే నిలబడుతుంది.

ప్రభుత్వం కూడా ఆమెని ఒక పేరుతోనే గుర్తిస్తుంది. వితంతు పింఛను 2024 జూలై నుంచి నెలకి 4000 రూపాయలయింది. ఆ డబ్బు ఎంతోమందికి ప్రాణాధారం, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాని ఆమె కూలి, రైతు, లేసు పనిమనిషి, కువైట్‌లో పదేళ్ళు కష్టపడి వచ్చిన మనిషి అన్న సంగతులు ఏ కాగితంలోనూ పట్టవు. కాగితంలో పట్టేది పోయిన భర్త మాత్రమే. ఒంటరి మహిళలకి కూడా పింఛను వుంది, ఆ పేరులో కూడా లేనివాడి నీడే కనిపిస్తుంది.

అమలాపురం తగలబడిన ఆ 2022 మే నెలలోనే మహారాష్ట్రలో ఇంకో సంగతి జరిగింది. కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే గ్రామ పంచాయతీ, భర్త చనిపోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తియ్యడం తమ ఊళ్ళో వుండకూడదని తీర్మానం చేసింది. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఆ దారి పట్టాలని సర్క్యులర్ ఇచ్చింది. ఆ కొల్హాపూర్‌ని ఏలిన శాహూ మహరాజ్, అంబేద్కర్‌కి తొలి రోజుల్లో అండగా నిలిచినవాడు. ఆయన చనిపోయి 2022 మే నాటికి సరిగ్గా వందేళ్ళు. హేర్వాడ్ చాలా చిన్న ఊరు. అక్కడి వాళ్ళకి చట్టం చేసే అధికారం లేదు, శిక్ష వేసే అధికారమూ లేదు. చేసింది ఒక్కటే. ఇంతవరకు చెయ్యకపోతే తప్పు అనుకున్న పనిని, ఇకనుంచి చేస్తే తప్పు అని ఊరి పేరు మీద చెప్పారు. ఆచారానికి బలం ఊరు ఏమంటుందో అన్న భయంలోనే వుంది కాబట్టి, ఊరే అలా చెప్పడం చిన్న పని కాదు.

ఆ పని మనం చెయ్యలేమా? మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలవని 2011లోనే చట్టం మారింది. సర్పంచి కుర్చీలో ఆమె, పక్క కుర్చీలో ఆమె భర్త కూర్చుంటున్నారన్నది నిజమే. అయినా ఈ ఒక్క తీర్మానం దగ్గర పక్క కుర్చీవాడు ఆమె బదులు మాట్లాడలేడు. రేవులో నిలబడబోయేది అతను కాదు. ఈ గడ్డకి ఇలాంటి ధైర్యం కొత్త కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయించారు. బాల్యంలోనే భర్తని పోగొట్టుకున్న ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ స్వాతంత్ర్యోద్యమంలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి జైలుకి వెళ్ళింది. చాలా శ్రామిక కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో వుంది. పై కులాల మర్యాద కోసం దాన్ని దాచుకుంటూ, వాళ్ళ ఆచారాల్ని తెచ్చుకుంటూ వస్తున్నాం.

సంఘాల ముందు నేను పెట్టదలచుకున్న ప్రతిపాదనలు నాలుగే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో మనం పనిచేసే ప్రతి ఊళ్ళో గ్రామసభలో హేర్వాడ్ లాంటి తీర్మానం పెట్టించాలి. చావు జరిగిన ఇంటికి మనవాళ్ళు పదో రోజు భోజనాలకి కాదు, ఆ ముందు రోజే వెళ్ళి ఆ స్త్రీ పక్కన కూర్చుని ఆమెకి ఏం కావాలో అడగాలి. ఆమె వద్దంటే రేవుకి తీసుకెళ్ళకుండా అడ్డం నిలబడాలి, కావాలంటే ఆ మాటనీ గౌరవించాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తహసీల్దారు దగ్గర నుంచి చేతికి వచ్చేదాకా ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యొద్దని ఆమెకి చెప్పాలి. నాలుగోది మన ఇంటి పని. ఇకమీదట ఏ అధికారికీ గాజులు తీసుకెళ్ళి ఇవ్వొద్దు, మన సభల్లో జ్యోతి ముందుగా ఆ వెనక వరసలో నిలబడ్డ మనిషి చేత వెలిగిద్దాం.

పోయిన ఏడాది అంతర్వేది తీర్థంలో అమ్మ గాజుల కొట్టు దగ్గర ఆగింది. ఆకుపచ్చ గాజుల వరస మీద చెయ్యి వేసి చూసింది. "ఎవరికమ్మా?" అని అడిగాడు కొట్టువాడు. అమ్మ ఒక్క క్షణం తడబడి "మనవరాలికి" అంది. సైజు చెప్పమంటే చెప్పలేకపోయింది. కొనకుండానే వచ్చేశాం. నేను పక్కనే వుండి కూడా ఏమీ అనలేదు. ఇన్ని సభల్లో మాట్లాడిన నాకు ఆ కొట్టు ముందు నోరు పెగల్లేదు.

ఆ రోజు నోరు పెగలకపోవడం నా ఒక్కదాని పిరికితనం కాదనీ, ఊరి మాట మారితే గాని ఒంటరి మనిషికి ధైర్యం రాదనీ అనిపించి ఇది రాస్తున్నాను. ఈ విషయం మీద మిగతా జిల్లాల సంఘాల మిత్రులు తమ అనుభవాలు, అభ్యంతరాలు కూడా రాయాలి. చర్చ జరగాలి. వచ్చే తీర్థం లోపల కనీసం ఒక్క పంచాయతీలోనైనా తీర్మానం జరగాలి. అప్పుడు కొట్టువాడు ఎవరికమ్మా అని అడిగితే, నాకే అని చెప్పగలిగే అమ్మ ఒక్కతైనా ఈ కోనసీమలో వుంటుంది.